స్టేజీ పక్కన మిక్సరు బల్ల

ఈ శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యే ముందు మా అమ్మాయి ఫోను చేసి, పాత మిక్సరు ఇక పనికిరాదు, డిజిటల్‌ది కొనాలి, నువ్వు కూడా షాపుకి రా అన్నప్పుడు నా మనసులో మెదిలింది ఆ పెట్టె కాదు, దాని వెనక ముప్ఫై ఏళ్లకు పైగా కూర్చున్న మా మరిది. మిక్సరు అంటే వంటింట్లో పచ్చడి రుబ్బుకునేదే అనుకునేవాళ్లు మన ఈడువాళ్లలో ఇంకా ఉన్నారు కనుక చెబుతున్నాను. పాడేవాళ్ల మైకులూ, కీబోర్డూ, తబలా, డ్రమ్సూ అన్నిటి వైర్లూ వచ్చి కలిసేది అందులోనే, ఏది ఎంత వినపడాలో అక్కడ తేల్చాకే స్పీకర్లకి వెళుతుంది. మాది పెళ్లిళ్లకీ ఉత్సవాలకీ పాడే ఆర్కెస్ట్రా. మా ఆయన పెట్టారు, కీబోర్డు ఆయనే వాయించేవారు. ఆయన పోయాక, పగలు కాలేజీలో పాఠాలు చెప్పుకునే మా అమ్మాయే అందులో పాడుతూ దాన్ని నడుపుతోంది. మిక్సరు మాత్రం మొదటినుంచీ మా మరిది చేతిలోనే ఉంది.

కొత్త మిషను అతని చేతికి అలవాటవుతుందా, లేక ఇక ఇంట్లో కూర్చోమని చెప్పాల్సి వస్తుందా అన్నదే మా అమ్మాయి బెంగ. నోరు విప్పి అనలేదు గాని, నన్ను రమ్మన్నది అందుకేనని నాకు తెలిసింది. ఈ కాలం మిషన్లకి ఈ కాలం కుర్రాళ్లే ఉండాలని, హైదరాబాదు నుంచి ఒకణ్ణి మాట్లాడమని, తోటి ఆర్కెస్ట్రాలవాళ్లు మా అమ్మాయికి అప్పటికే చెప్పి ఉన్నారు.

అసలు మా మరిది పనిలో ఉన్న కష్టం మాకు తప్ప ఎవరికీ తెలియదు. సౌండు సరిగ్గా తెలియాలంటే మిక్సరు బల్ల జనం మధ్యలో, స్టేజీకి ఎదురుగా ఉండాలి. కానీ మన కృష్ణా జిల్లా పెళ్లిళ్లలో ఆ ఎదురుగా ఉండే చోటు వియ్యాలవారిది. అక్కడ సోఫాలు వేస్తారు, వాళ్ల కాళ్ల దగ్గర వైర్లూ పెట్టెలూ ఉంటే మర్యాద తక్కువైందంటారు. అందుకని మా బల్లని ఎప్పుడూ స్టేజీ పక్కకి, ఒక్కోసారి పరదా వెనక్కి నెట్టేవారు. ఇబ్రహీంపట్నంలో ఒకసారి ఏకంగా వంటవాళ్ల గాడిపొయ్యి పక్కన వేశారు. ఆ రోజు తేదీతో సహా నాకు గుర్తుంది గాని ఇక్కడ దానితో పని లేదు. అక్కడ కూర్చున్న మనిషికి వినపడేది స్పీకర్ల వీపు మాత్రమే. ముందున్నవాళ్లకి ఏం వినపడుతోందో తెలిసే దారి లేదు.

ఆ దారి నేనయ్యాను. మంచి పట్టుచీర కట్టుకుని, పెళ్లికి వచ్చిన చుట్టంలాగా వరుసల మధ్య తిరిగేదాన్ని. స్టేజీ పక్కనుంచి మా మరిది నన్నే చూస్తుండేవాడు. కంఠం ముట్టుకుంటే పాడేవాళ్ల గొంతు, గాజులు సవరించుకుంటే కీబోర్డు, అరచేతిలో వేళ్లతో తడితే తబలా. కుడిచేత్తో చేస్తే పెంచమని, ఎడమచేత్తో చేస్తే తగ్గించమని. ఈ ఏర్పాటు మా ఆయనది, లెక్క తప్పకుండా అమలు చేసింది మేమిద్దరం.

తప్పింది ఒక్కసారే, ఉయ్యూరు దగ్గర ఒక పెళ్లిలో. ఆ ఇంటావిడ నన్ను మగపెళ్లివారి మనిషి అనుకుని, ఆపేక్షగా మెడకి చేతినిండా గంధం పూసింది. తడి గంధం రవికలోకి జారుతుంటే కుడిచేత్తో తుడుచుకున్నాను, పాడుతున్నాయన గొంతు పెరిగింది. మళ్లీ తుడుచుకున్నాను, ఇంకా పెరిగింది. మూడోసారికి స్పీకర్లు కీచుమని కూతపెట్టాయి, ముందు వరుసలో వియ్యపురాలు రెండు చెవులూ మూసుకుంది. తిరుగుదారిలో వ్యానులో మా మరిది, "ఇంకొక్కసారి తుడుచుకుని ఉంటే ఆ పాట బెజవాడలో మన ఇంటికే వినపడేది వదినా" అంటే, మా ఆయన నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. ఆ తరవాత ఎవరు గంధం గిన్నెతో ఎదురైనా ముందుగా చేతులు చాపేదాన్ని.

షాపు గవర్నరుపేటలో. మా ముందు రెండు మిషన్లు పెట్టారు. ఒకటి పాతదానిలాగే బల్లంత వెడల్పు, పైకీ కిందికీ జరిపే మీటలున్నది. వాటిని ఫేడర్లంటారు. రెండోది స్టేజీ మీద పెట్టేసే చిన్న పెట్టె, దానికి మీటలే లేవు, అంతా చేతిలో పట్టుకునే టాబ్ మీదే. నేను మొదటిదానివైపే ఉన్నాను. మా మరిది వేళ్లు వెతుక్కోకుండా ఉండాలన్నదే నా ఆలోచన.

షాపాయన పదహారు మైకులకి చోటుంటే ధారాళంగా సరిపోతుందన్నాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. పాడేవాళ్లకి నాలుగు, డ్రమ్సుకి నాలుగు, తబలాకి రెండు, కీబోర్డుకి రెండు, గిటారు, ఫ్లూటు, రిథం ప్యాడు తలా ఒకటి. పెళ్లివారు మాట్లాడటానికి ఒక మైకు, పెళ్లికూతురి స్నేహితురాళ్లు డాన్సు చేస్తామంటే వాళ్ల ఫోనులో పాటకి రెండు. పద్దెనిమిది లేనిదే మాకు కుదరదు. రెంటిలోనూ పద్దెనిమిది ఉన్నవే తెప్పించాడు. అప్పుడు కరెంటు పోయి జనరేటరు మీదికి మారితే ఏమవుతుందని అడిగాను. మళ్లీ ఆన్ అవుతుందండీ అన్నాడు. ఎంతసేపట్లో అని ప్లగ్గు పీకించి, మళ్లీ పెట్టించి, నా చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను.

"అమ్మగారూ, ఇన్నేళ్లలో నన్నెవరూ ఇట్లా అడగలేదండీ."

"మీ షాపులో కరెంటు పోదేమోనండీ, మా పాట మధ్యలో పోతుంది."

రెండూ నిమిషం పైనే తీసుకున్నాయి. తాళికట్టు పాట మధ్యలో నిమిషం మౌనమంటే మాటలు కాదు, కనుక ఏది కొన్నా యూపీఎస్ తప్పదని తేలింది.

ఇంతసేపూ మాతో వచ్చిన మా మరిది ఫేడర్లని పైకీ కిందికీ జరిపి చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ చిన్న పెట్టె చూపించి, ఈ టాబ్ పట్టుకుని స్టేజీ దిగి ఎంత దూరం వెళ్లొచ్చండీ అని అడిగాడు. వైఫైకి విడిగా మంచి రౌటరు పెట్టుకుంటే హాల్లో ఆఖరి వరుసదాకా అన్నాడు షాపాయన.

"అయితే ఇదే ఇవ్వండి."

"బాబాయ్, తొందరపడకు. అమ్మ చెప్పినట్టు ఫేడర్లున్నదే తీసుకుందాం. అది నీకు తేలిక" అంది మా అమ్మాయి.

"తేలికైనదే కావాలంటే ఇంట్లో టీవీ ఉందిగా అమ్మడూ. నేనొక్కసారి ముందుకెళ్లి కూర్చుని వినాలి."

ఆ మాట మీద ఆ చిన్న పెట్టే కొన్నాం. వారం పాటు మా హాల్లోనే నేర్చుకున్నాడు. పాత మిక్సరు మీద అతను అంటించుకున్న రంగు టేపుల వరుసనే మా అమ్మాయి టాబ్ మీదికి ఎక్కించింది, పాటకి ఎరుపు, తబలాకి పచ్చ, కీబోర్డుకి నీలం. అయినా నాకు భయంగానే ఉంది. పదిమంది ముందు చెయ్యి తడబడితే ఆ రోజుతో తనంతట తనే మానేస్తాడని నాకు తెలుసు.

మొదటి ప్రోగ్రాము గుణదలలో ఒక రిసెప్షను. మొదటి పాటలో ఫ్లూటు వినపడకుండా పోయింది. స్టేజీ మీదనుంచి మా అమ్మాయి పాడుతూనే కళ్లతో వెతుకుతోంది, అతను కళ్లజోడు సవరించుకుంటూ తెర మీద వేలితో వెతుకుతున్నాడు. రెండో చరణానికి దొరికింది. రెండో పాటకి వరుసల మధ్యకి నడిచాడు, ఒక మూల నిలబడ్డాడు, ఇంకో మూలకి వెళ్లాడు. మూడో పాటకి తబలా మోతాదుగా, గొంతు స్పష్టంగా, ఏదీ ఇంకోదాన్ని తొక్కకుండా ఉంది. మా అమ్మాయి పల్లవికీ చరణానికీ మధ్య అతనివైపు చూసి తల ఊపింది. ఇక హైదరాబాదు కుర్రాడి మాట మా ఇంట్లో రాదని నాకు అప్పుడే అర్థమైంది.

అతను వచ్చి మధ్య వరుసలో నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. కీబోర్డు బిట్టు వస్తోంది, మా ఆయన స్థానంలో వచ్చిన కొత్తబ్బాయి వాయిస్తున్నాడు. టాబ్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరకే విన్నాడు.

"అన్నయ్య వాయిస్తే ఇక్కడికి ఇట్లాగే వినపడేదా వదినా?"

అన్నేళ్లు అన్నగారి వేళ్ల చప్పుడుని హెచ్చించి తగ్గించి జనానికి పంపిన మనిషి, దాన్ని జనంలో కూర్చుని ఒక్కనాడూ వినలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నాకు తెలిసిన పద్ధతి కనుక, ఆఖరి వరుసల్లో ఫ్యాన్ల హోరుకి కొంచెం తగ్గేదని, ఇక్కడ మధ్యలో మాత్రం ఒక్క స్వరం పోయేది కాదని, ఆయన ఎడమచెయ్యి కాస్త గట్టిగా పడేదని చెప్పాను. అతను తల ఊపుతూ విని, తరవాతి పాట మొదలయ్యేసరికి లేచి వెళ్లాడు.

ఇప్పటి మిషను ఏ హాల్లో ఏది ఎంత పెట్టామో పేరుతో సహా దాచుకుంటుందట, మళ్లీ వెళ్లినప్పుడు ఒక్క నొక్కుతో అంతా యథాతథంగా వస్తుందట. మా కాలంలో ప్రోగ్రాము అయిపోగానే వైర్లు చుట్టి వ్యానులో పడేసేవాళ్లం, ఆనాటి పాట ఆనాటితో సరి. ఆయన వాయించింది ఎదురుగా నిలబడి విన్నదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. మా మరిదికి దాన్ని వినిపించాలంటే, నోటితో చెప్పడం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.