అర్జీలు రాయని అక్క

అక్క పోయిందన్న కబురు పొద్దున దీపం ముట్టించే వేళకు వచ్చింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు, అమెరికా నుంచి. ఆ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు. చేతిలో వత్తి అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. కానీ నేనిప్పుడు కలం పట్టింది ఆ దుఃఖంతో కాదు. దుఃఖాన్ని దేవుడి ముందు చెప్పుకున్నాను. కోపాన్ని మాత్రం చెప్పుకోలేకపోయాను. రాముడి పటం ముందు కళ్లు మూసుకున్నా నాకు బస్టాపు దగ్గర పాతిన ఆ రాయే కనిపిస్తున్నది. నాది గట్టిగా మాట్లాడే గొంతు కాదు, చదువు పదో తరగతి. అందుకే రాస్తున్నాను.

అక్క నా తోడబుట్టింది కాదు. మా ఇంటి వెనక గదిలో ఏళ్ల తరబడి కిరాయికి ఉన్న అమెరికా ఆమె. నవలలు రాసేది. అదే ఆమె పని, అదే ఆమె బతుకు. మా ఊరు చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు నెల రోజులు ఉంటానని చెప్పి, ఒక నవల అయ్యేదాకా ఉండిపోయింది. మళ్లీ వచ్చి రెండోది రాసింది. ఆ తరువాత తన దేశం పోవడమే తగ్గించింది. తెలుగు మా యాసలోనే నేర్చుకుంది. మూడోది కూడా ఇక్కడే పూర్తి చేసి, ఒంట్లో బాగాలేదని కిందటేడు వెళ్లింది. తిరిగి రాలేదు.

పాలు లేని టీలో నిమ్మకాయ పిండుకుని తాగేది. మా ఆయన పాల్వంచలో నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేది. నేను ఏకాదశి ఉపవాసం ఉంటే తనూ తినేది కాదు. "భక్తి గాదు చెల్లె, ఆకలి ఎట్లుంటదో రాయాలె" అనేది. ఒకసారి భద్రాచలం వెళ్లి దర్శనం చేసుకుని వస్తుంటే బస్సులో అడిగింది.

"రాముణ్ణి ఏమడిగినవ్?"

"ఏమడగలే అక్కా. ఊరికె నిలబడ్డ."

అక్క తల ఊపి, "నేను గూడ పొద్దున గట్లనే నిలబడ్త, తెల్ల కాగితం ముందర" అంది. ఆ మాట విన్నాక నేను ఆమె గదిని దేవుడి గదిలాగే చూశాను.

పొద్దున టీ తాగి లోపలికి పోతే మధ్యాహ్నం దాకా ఆ తలుపు తెరుచుకునేది కాదు. లోపల ఏదో రాస్తున్నదని ఊళ్లో తెలిసింది. మా వాళ్లు అక్కడే పొరపడ్డారు. మా వైపు రాసే మనిషి అంటే మండలాఫీసు ముందు కూర్చుని అర్జీలు రాసేవాళ్లే. పింఛనుకు, పట్టాకు, రేషన్ కార్డుకు. అంత చదువుకుని, పూటంతా రాసే మనిషి ఊళ్లోనే ఉండగా మండలం దాకా ఎందుకని ఒక పొద్దున మా వాకిట్లో జనం వచ్చి కూర్చున్నారు. అందరికన్నా ముందు అప్పటి సర్పంచ్. నాకు వరసకు మరిది.

"గంతసేపు ఏం రాస్తదొదినా? కలెక్టర్‌కేనా?"

"కథ రాస్తదట."

"కథనా? దానికి తలుపెందుకు, ఎవరన్న ఎత్తుకపోతరా?"

అందరూ నవ్వారు. నేను భయపడుతూ తలుపు తట్టాను. అక్క బయటికి వచ్చింది, విన్నది, దండం పెట్టింది. "అర్జీలు రాసేటోళ్లు మండలాఫీసు ముందర ముగ్గురున్నరు. గిది రాసేదాన్ని నేనొక్కదాన్నే" అని మళ్లీ తలుపు వేసుకుంది.

మరిది మొహం మాడిపోయింది. నాకూ నచ్చలేదు. అన్నం పెడుతూ, "నాలుగు ముక్కలు రాస్తే చెయ్యి అరిగిపోతదా అక్కా?" అన్నాను.

"అరిగిపోతది. ఇయ్యాల ఒకటి రాస్తే రేపు పది రాయాలె. అందరు నన్ను మంచిదంటరు. నా నవల సచ్చిపోతది."

మంచిదనిపించుకోవడానికి భయపడే ఆడమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నా వయసంతా మంచిదనిపించుకోవడానికే సరిపోయింది.

మధ్యాహ్నం తలుపు తీశాక మాత్రం ఆమె అందరిదీ. మా అరుగు మీద ఆడవాళ్లం మోదుగాకుల విస్తర్లు కుట్టేవాళ్లం. ఆమె పొద్దున రాసిన ముక్కను తన తెలుగులో మాకు చెప్పేది. చెబుతూ మా మొహాలు కాదు, చేతులు చూసేది. కుట్టే చెయ్యి ఆగితే సంతోషపడేది. ఎవరి చెయ్యీ ఆగకపోతే లోపలికి పోయి ఆ కాగితాలు చింపి పొయ్యిలో వేసేది. వారం రోజుల పని అట్లా బూడిదైపోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

మాకు ఆకు తెచ్చే కోయ పెద్దమ్మ ఒకామె ఉంది. వాళ్ల గూడెంలో కొత్త పండుగ చెయ్యకుండా ఆ ఏటి మామిడికాయ ఎవరూ నోట పెట్టరు; పెడితే పెద్దల ముందు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. మూడో నవలలో పిల్ల ఒకతె పండుగకు ముందే కాయ కోసుకుని తింటుంది. అది చెప్పగానే పెద్దమ్మ విస్తరి పక్కన పడేసింది.

"పండుగ గాకముందే తిన్నదా? ఎవలి పిల్ల? ఏ గూడెం?"

"ఏ గూడెం గాదు పెద్దమ్మా. నా మనసుల పుట్టింది."

"యాడ పుడితేంది? తప్పు కట్టాలె గద! పెద్దల్ని పిలిపియ్యి."

మేము కడుపు పట్టుకుని నవ్వాము. అక్క నవ్వలేదు. ఆ తరువాత పెద్దమ్మ ఎప్పుడు వచ్చినా ఆకు మోపు దించకుండానే, "కట్టిందా?" అని అడిగేది. "ఇంక లేదు పెద్దమ్మా, రాస్తున్న" అని అక్క జవాబు. అలా రాసి రాసి, పెద్దల ముందు ఆ పిల్ల నిలబడి ఎందుకు తిన్నదో చెప్పే ఘట్టం పుట్టింది. ఆ నవలకు అదే ప్రాణం. "లేని పిల్ల మీద కోపం తెప్పించిన. నాకింకే బహుమతొద్దు" అని ఆ రోజు నా చేత పాయసం వండించుకుని తిన్నది.

ఇదీ ఆమె. ఇప్పుడు రాయి సంగతి.

ఆమె పోయిందని తెలియగానే ఊళ్లో సంతాప సభ పెట్టాలన్నారు. బస్టాపు దగ్గర ఆమె పేరున రాయి పాతాలన్నారు. పెద్దరికం మరిదిదే. రాయి మీద చెక్కించే మాటలు ఫోన్‌లో చూపించాడు. దీనజన బాంధవి, పేదల అర్జీలు రాసి ఆదుకున్న మాతృమూర్తి.

"ఏందయ్యా ఇది? ఒక్కటన్న రాసిందా ఆమె? నీకే రాయలే గద!"

"పోయినోళ్ల మీద మంచిగ చెప్పుకోవాలె వదినా. నవలలు రాసుకున్నదంటే ఊరికేమొస్తది? చూసినోళ్లు నవ్వరా?"

"నవ్వనీ. నవలా రచయిత్రి అని ఒక్క మాట పెట్టు. కడమదంత తీసెయ్."

"రాయి చెక్కనీకె పోయిందొదినా. నువ్వు సభల ప్రార్థన పాడు, సాలు."

నేను అడిగింది ఒక్క మాట. ఆమె పేరు పక్కన ఆమె పని పేరు ఉండాలని. మా మండలంలో ఉగాదికి ఒక పద్యం చదివిన మగవాణ్ణి బతికినంత కాలం కవిగారూ అంటారు. బతుకంతా రాసిన ఆడమనిషిని మాత్రం పోగానే తల్లిని చేసి, సేవకురాలిని చేసి చేతులు కడుక్కుంటారు.

సభకు వెళ్లాను. ఒకాయన ఆమె మందులు పంచిందన్నాడు. తలనొప్పి గోలీ కూడా ఆమె నన్నే అడిగేది. ఇంకొకాయన మన కోసమే పెళ్లి మానుకుందన్నాడు. ఆమెకు పెళ్లయింది, పొసగక విడిపోయింది. ఆ బాధంతా రెండో నవలలో ఉంది. ఒక్కరన్నా చదివితే కదా, ఒక్కరన్నా ఏం రాసిందని అడిగితే కదా.

ప్రార్థన కోసం మైకు నా చేతికిచ్చారు. నేను పాట ఎత్తుకోలేదు.

"అక్క ఎవరికీ సేవ చెయ్యలేదు. తలుపేసుకుని, వేళ్లు వంకరపోయేదాకా నవలలు రాసింది. అది పని గాదా?" అన్నాను. ఇంకా చెప్పబోతుంటే మరిది నవ్వుతూ వచ్చి మైకు తీసుకున్నాడు. "మా వదినకు దుఃఖం ఎక్కువైంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు నా ఒళ్లు ఇప్పటికీ మండుతున్నది.

రాయి పాతారు. మొన్న నేను చండ్రుగొండ బస్సు కోసం నిలబడి ఉంటే పెద్దమ్మ ఆకు మోపుతో అటుగా వచ్చింది. రాయికి వేసిన దండ చూసి ఆగింది.

"ఏం రాసిన్రు బిడ్డా?"

ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. ఒక్క అక్షరం మార్చలేదు. అన్నిటికన్నా పైన చెక్కిన ఆమె పేరు కూడా చదివాను. ఆ పేరు పెద్దమ్మకు తెలియదు. తెలిసింది అక్క అనే మాటే.

"ఎవలామె?"

"ఎవరో పెద్దమ్మా. మనమెరిగినామె గాదు."

"అవ్. అర్జీలు రాసేటోళ్లు నాకెవలు ఎరుక" అని మోపు సర్దుకుని నడిచింది.

ఈ కాగితాలు అక్క మూడు నవలల కింద పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా తరువాత ఇవి మీ చేతికి వస్తే చింపకండి, దాచండి. ఎవరికీ చూపించకండి. నేను ఈ ఊళ్లోనే ఉండాలి, మరిది ఇంటి పసుపు కుంకుమకు వెళ్లాలి. కానీ ఎప్పుడైనా ఆ బస్టాపులో దిగితే, ఆ రాయి పక్కనుంచి చదవకుండా నడిచిపోండి. ఎండిన దండ మీద దుమ్ము పడుతూ ఉంటుంది. పడనివ్వండి.