కుక్కరుకు చపాతీ పిండి సీలు

కెనడాలోని కాల్గరీకి వచ్చిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఒక్కటి కూడా ఉండేది కాదు. మంచు చూసి మూడు నెలలు కాకముందే మంచు మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే రోజంతా ఇతరుల తప్పులు పట్టడం. ఆ రోజుల్లో మా పెద్దమ్మ కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, ఒక కొండ సరస్సు ఫొటోను రెండేళ్లుగా ఫ్రిజ్‌కు అంటించుకుని ఉంది. అక్కడికి నడిచి వెళ్లి రెండు రాత్రులు గుడారంలో ఉండాలని ఆమె కోరిక. ఆ ఏడు బావ ప్రయత్నించగా మా ముగ్గురికీ అక్కడ ఉండేందుకు పర్మిట్ దొరికింది. నాకూ ఆ సరస్సు చూడాలని ప్రాణం లాగేస్తున్నా, పైకి మాత్రం ఏదో వాళ్లు బతిమాలారని వస్తున్నట్టు ఫోజు కొట్టేవాణ్ణి.

షరతు ఒక్కటే. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తిండిని ఎలుగు తెరవలేని డబ్బాలో పెట్టుకుని రావాలి. బావ మిగతా పనులన్నీ తాను చేసుకుని ఈ ఒక్కటీ నాకు అప్పజెప్పాడు. నేను మూడు వారాలు రీసెర్చ్ చేశాను. బరువు, మందం, మూత తిరిగే పద్ధతి అంటూ ఎక్సెల్ షీట్ వేశాను. చివరికి షాపుకు వెళ్లి, డబ్బాను తట్టి, ధర చూసి, "ఈ ప్లాస్టిక్ డ్రమ్ముకా ఇంత!" అనుకుని వట్టి చేతులతో తిరిగొచ్చాను. అమ్మ సూట్‌కేసులో సర్ది పంపిన అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఇంట్లోనే ఉందాయె. (దాని మూత ఒక్కోసారి నాకే రాదు, ఇక ఎలుగుబంటికేం వస్తుంది?) రబ్బరు ఉంది కనుక వాసన బయటికి పోదు. మిగిలింది విజిల్ పెట్టే కన్నం. దాంట్లో చపాతీ పిండి కూరాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"డబ్బా కొన్నావా?" అని బావ అడిగితే, "అంతా సెట్ చేశా బావా, టెన్షన్ పడకు" అన్నాను.

పార్కు ఆఫీసు ముందు బల్ల మీద కుక్కర్ పెట్టగానే అక్క నోరు తెరిచింది. "ఒరేయ్, ఇదేంట్రా? కొండెక్కి పప్పు వండుతావా?" బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రేంజర్ అమ్మాయి రాగానే గ్యాస్కెట్ గురించీ, హ్యాండిల్ గురించీ ఇంగ్లీషులో దంచేశాను. ఆమె ఎంతో మర్యాదగా వింది. (కెనడాలో అంత మర్యాదగా విన్నారంటే మన పని అయిపోయినట్టేనని అప్పటికి తెలీదు.) "ఆ కన్నంలో ఏముంది?" అని అడిగింది. "సీల్" అన్నాను గంభీరంగా. ఆ మాట అన్నానో లేదో, ఒక నేల ఉడుత బల్ల మీదికి ఎగిరి, కుక్కర్ మూత మీద తీరిగ్గా కూర్చుని, మా నలుగురి ఎదుటే నా సీలును పీక్కుని తినడం మొదలుపెట్టింది. కన్నంలోంచి పులిహోర వాసన గుప్పుమంది.

రేంజర్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అద్దెకిచ్చే డబ్బాల్లో చిన్నది ఒక్కటే మిగిలిందనీ, అందులో ఇద్దరి తిండే పడుతుందనీ చెప్పింది. "మీ అక్కతో నువ్వెళ్లరా, నేనుంటా" అన్నాడు బావ. "మీరెందుకండీ ఉండటం? కుక్కర్ ఎవరిదో కాపలా వాళ్లదే" అంది అక్క. నేను నేల చూపులు చూస్తూ, "నాకెలాగూ మోకాలు నొప్పి" అన్నాను. ఇరవయ్యారేళ్లకే మోకాలు నొప్పి!

వాళ్లు వచ్చేదాకా రోడ్డు పక్క క్యాంపులో కూర్చుని మూడు పూటలా పులిహోర తిన్నాను. తిరిగొచ్చిన అక్క ముఖం ఎండకు కమిలి వెలిగిపోతోంది. "ఎలా ఉందక్కా?" అన్నాను. "ఆ నీళ్లు చూడగానే ఏడుపొచ్చిందిరా" అంది. నాకు కుళ్లుతో కడుపు మండిపోయింది.

మరుసటి ఏడే ఆ డ్రమ్ము కొన్నాను. సరస్సుకు నాలుగుసార్లు వెళ్లొచ్చాను. కొత్తగా వచ్చినవాళ్లు డబ్బాల గురించి నన్నే సలహా అడుగుతారు, నేనూ గంటకు తగ్గకుండా చెబుతాను. అక్క పక్కనుంటే మాత్రం నోరెత్తను. వాళ్లింట్లో కుక్కర్ కూత పెడితే చాలు, "తమ్ముడూ, ఎలుగుబంటి వచ్చినట్టుంది, పిండి కలపనా?" అంటుంది అతిథుల ముందే. నవ్వేస్తాను. ఎలుగుబంట్ల పరీక్షల్లో నెగ్గిన డబ్బాను వంద అడుగుల దూరాన పెట్టి కూడా, ఆకు కదిలితే గుడారంలో ఉలిక్కిపడి లేచే మనిషిని ఇప్పుడు నేను. గుప్పెడు చపాతీ పిండిని నమ్ముకుని ఎలుగుల అడవికి బయలుదేరిన ఆ వెధవను తలుచుకుంటే, వాడంటే కాస్త అసూయగానే ఉంటుంది.