గెలిచాక వచ్చిన కాగితం

మొన్న సాయంత్రం శ్రీకాకుళంలో నా గదిలో ఒక్కదాన్నే కూర్చుని టీవీ చూస్తుంటే, ఎక్కడో దూరదేశంలో యుద్ధం గెలిచిన సేనాపతి ఒకాయన తన సైనికులకు సందేశం చదివాడు. ఆయన భాష నాకు రాదు. కింద అక్షరాలు చదివేలోగా మాయమైపోతున్నాయి. అయినా అక్కణ్ణుంచి లేవలేకపోయాను. అలాంటి సందేశం ఒకటి నా పద్దెనిమిదో ఏట నేనే పైకి చదివాను.

మా మావయ్య, అమ్మకి తమ్ముడు, పాతపట్నం దగ్గర పల్లెలో రైతు ఇంట్లోంచి మిలిటరీకి వెళ్లి, ఒక యుద్ధం చేసి, కాలికి గాయంతో తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. పొలం గట్టు మీద కూడా ఆయనది కవాతు నడకే. కుంటుతూ కవాతు చేస్తుంటే మా ఎడ్లు కూడా కంగారుపడేవి. ఆయన ట్రంకుపెట్టెలో ఒక ఇంగ్లీషు కాగితం ఉండేది. గెలిచాక సేనాపతి అచ్చువేయించి సైనికులందరికీ పంచినది. మిగతావాళ్లని వరసలో నిలబెట్టి హిందీలో చెప్పారట. ఆసుపత్రి మంచం మీదున్న మావయ్యకి మాత్రం ఉత్త కాగితం చేరింది. ఊళ్లో పంతులుగారు మొదటి రెండు వాక్యాలు చూసి, "గెలిచినందుకు మెచ్చుకున్నార్రా" అని తేల్చేశారు. ఆ మెప్పుతోనే పన్నెండేళ్లు గడిచాయి.

నేను కాలేజీలో చేరిన ఏడు సెలవులకి వెళితే, "గుంటా, నీకు ఇంగ్లీసు వస్తాది గదా, ఆకరి దాకా సదువు" అని కాగితం నా చేతిలో పెట్టాడు. మొదటంతా మెప్పులే. చివర్లో మాత్రం, ఈ గెలుపు తిరిగిరాని మనవాళ్లదనీ, వాళ్ల పక్కన ఉన్నవాళ్లు ఆ తల్లిదండ్రుల దగ్గరికి స్వయంగా వెళ్లి వాళ్ల ఆఖరి కబురు చెప్పాలనీ, ఇది తన ఆజ్ఞ అనీ రాశాడు సేనాపతి.

"మళ్లీ సదువు" అన్నాడు మావయ్య. చదివాను. కాగితం తీసుకుని పాత మడతల్లోనే మడిచాడు. "ఆర్డరే గుంటా ఇది. పన్నెండేళ్లు లేటయిపోనాను."

ఆయన పక్కనే పోయినవాడు నౌపడ ఉప్పుమళ్లలో కూలిచేసే ఒకామె కొడుకు. సైన్యంలో వాళ్ల కంపెనీ మొత్తానికి వీళ్లిద్దరే తెలుగువాళ్లు. పొద్దస్తమానం పోట్లాడుకునేవారట, తెలుగులో పోట్లాడ్డానికి ఇంకెవరూ లేరు కాబట్టి. బతికొచ్చిన ముఖం ఆ తల్లికి ఎలా చూపించాలో తెలియక ఇన్నాళ్లూ వెళ్లలేదని ఆ రోజే చెప్పాడు.

మర్నాడు నౌపడ వెళ్లే చిన్నరైలు ఎక్కాం. దాని పక్కన నడిచే మనిషి కాసేపు ఆగి బండి కోసం చూడాల్సి వచ్చేది. మావయ్యకి ఆ రోజు అదీ వేగంగానే ఉన్నట్టుంది, ప్రతి స్టేషన్లోనూ దిగిపోదామా అన్నట్టు తలుపు వైపు చూశాడు.

ఆవిడ మడి గట్టున ఉప్పు కుప్పకి తాటాకులు కప్పుతోంది. పాదాలు ఉప్పుకి తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. మావయ్య తానెవరో చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. ఆయన ముఖం తడిమి, కాలు చూసి, ఒక్కటే అడిగింది.

"నాయనా, మా గుంటడు ఆకలితో పోనేదు గదా?"

"నేదమ్మా. కడుపునిండా తిన్నాడు. నా పక్కనే కూకొని తిన్నాడు."

ఆవిడ తలూపి, మిగిలిన తాటాకులు కప్పడం మొదలుపెట్టింది. మావయ్య కూడా చెయ్యేశాడు.

తిరుగు రైల్లో కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. "రొండ్రోజుల్నుంచి ఎవులమూ తిన్నేదు. ఆడూ తిన్నేదు."

అటుపైన ప్రతి వేసవికీ వెళ్లాడు. ఆవిడ కొడుకు కబుర్లు అడిగేది, ఈయన ఉన్నవీ లేనివీ చెప్పేవాడు. ఆరో ఏడు వెళ్లేసరికి గుడిసెకి తాళం. ఆవిడ పోయిందన్న మాట పక్కింటివాళ్లు చెప్పారట. ఇంటికొచ్చి, "ఇంక ఆడి ఊసు ఎవులూ అడగరు" అని మాత్రం అన్నాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది. రైల్లో అన్న ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నాకేదీ మరపు రాలేదు, చెప్పుకుందామంటే వాళ్లని ఎరిగున్నవాళ్లు మిగల్లేదు, అంతే.