టెండరు గదిలో గోనెగుడ్డ

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, సెప్టెంబరులో ఒక సోమవారం, కొలోన్‌లోని మా పరీక్షా సంస్థ నాకొక చిన్న పని అప్పగించింది. ఊరికి తూర్పున కొండల్లో ఒక ఔత్సాహికుల సంఘం పాత ఆవిరి ఇంజనును బాగుచేసుకుంది. బాయిలరు మీద వేరే నిపుణుడు అప్పటికే సంతకం చేశాడు. నేను చూడవలసింది టెండరు, అంటే ఇంజను వెనక బొగ్గునూ నీళ్ళనూ మోసే బండి. దాని మీద మనిషి కూర్చునే గది ఒకటుంది. అందులో మనిషిని కూర్చోబెట్టి నడపవచ్చో లేదో గురువారంలోగా తేల్చాలి.

పూర్వం ఇక్కడ గూడ్సు బండిలో గార్డు కోసం ప్రత్యేకంగా ఒక వ్యాను తగిలించేవారు. ఒక్క మనిషి కోసం అంత బరువు లాగడం దండగని, తర్వాత టెండరులో బొగ్గుకున్న చోటు కాస్త తగ్గించి అక్కడే అతనికి గది కట్టారు. ఒక సీటు, కాగితాలు రాసుకోవడానికి మడత బల్ల, రెండు పక్కలా కిటికీలు, ఎర్రపిడి ఉన్న అత్యవసర బ్రేకు. అంతే సామాను. మా నాన్న బెజవాడలో గూడ్సు గార్డు. ఆయన ఉండేది బండి చివర, బ్రేకువ్యానులో. గార్డు స్థానం తోకలోనే అని నేను ఉగ్గుపాలతో నేర్చుకున్నాను. బొగ్గు వెనక గార్డేమిటని ఆ గదిని చూడకముందే దాని మీద నాకు చిన్నచూపు. పైగా గార్డు కొడుకుని కదా, ఈ విషయంలో నాకు తెలియనిది ఏముంటుందన్న ధీమా ఒకటి.

సంఘం కాగితాలు చూసేది స్రవంతి అనే వరంగల్ అమ్మాయి. వారమంతా కొలోన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు కొండల్లో బొగ్గు మసి. అసలు సంగతి ఫోనులో ఆమే చెప్పింది.

"సార్, తనిఖీ టెర్మిన్ రేపే పెట్టుకోండి. మా సంఘం పెద్దాయన క్రేమర్ గారు వయసుల ఉన్నప్పుడు గసొంటి గదిలనే గార్డు పని చేసిండ్రు. ఆదివారం బండి నడుస్తది, గదిల ఆయననే కూసుంటరు. వచ్చే వారం బిడ్డ దగ్గరికి కీల్ పట్నం పోతుండ్రు సార్, ఇగ మళ్ళ రారు."

నియమాలకు ఆదివారాలు తెలియవని నేను గంభీరంగా సెలవిచ్చాను. అదీ జర్మన్‌లో. సాటి తెలుగమ్మాయి కదా, పక్షపాతం అంటుకుంటుందని భయం.

మంగళవారం పొద్దున్నే వెళ్ళాను. స్రవంతి సెలవు పెట్టి వచ్చింది. క్రేమర్ గారు ఎనభైకి దగ్గరపడిన సన్నటి మనిషి. తన పాత యూనిఫాం టోపీ బ్రష్షుతో దులుపుకుని పెట్టుకొచ్చారు. పని మొదలుపెట్టే ముందు ఎప్పటిలాగే ప్రకటించాను, నా పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదని. మన దగ్గరైతే ఈ మాట అన్న మరుక్షణం నలుగురు నాలుగు సలహాలు ఇస్తారు. ఇక్కడ చేతిలో అట్టా, కాగితాలూ ఉన్నవాడి మాటకు ఎదురుండదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ నిశ్శబ్దాన్ని నా పాండిత్యానికి దక్కిన గౌరవమనుకుంటూ వచ్చాను.

సీటు ఎత్తు కొలిచాను, తలుపు వెడల్పు కొలిచాను, బ్రేకు పనిచేస్తోందని నిర్ధారించుకున్నాను. బొగ్గువైపు గోడలో, పైకప్పు కింద, గాలి కోసం రెండు వేళ్ళ వెడల్పు సందు ఉంది. దాంట్లో ఎవరో గోనెగుడ్డ మడిచి కుక్కారు. నేను అటు చూడగానే క్రేమర్ గారు వేలెత్తారు. నేను అరచెయ్యి చూపించి ఆపాను. గోనెను స్వయంగా పీకి, సంచిలో వేసి, చీటీ అంటించి, రిపోర్టులో రాసుకున్నాను: 'మండే స్వభావం గల అన్య వస్తువు, తొలగించబడింది.' ఆ వాక్యం చూసుకుని కొంత మురిసిపోయాను కూడా.

తర్వాత నడిపి చూడాలి. మామూలుగా అయితే డ్రైవరు పక్కన నిలబడేవాణ్ణి. గదిలో కూర్చుంటారా అని క్రేమర్ గారు ఎంతో మర్యాదగా అడిగారు. గౌరవిస్తున్నారనుకుని నేను సీటులో కూర్చున్నాను, ఆయన తలుపుకు ఆనుకుని నిలబడ్డారు. తలుపు, కిటికీలు మూసి బయల్దేరాం. దారిలో నేను మా నాన్న గురించీ, గార్డు తోకలోనే ఎందుకుండాలన్నదాని గురించీ ఆయనకు చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఉపన్యాసం మధ్యలో సొరంగం వచ్చింది.

బయట ఆకాశంలోకి పోయే పొగకు సొరంగంలో పోయే దారి లేదు. అది కప్పు పట్టుకుని వెనక్కి పాకి, నేను శుభ్రంగా ఖాళీచేసి పెట్టిన సందులోంచి గదిలోకి దిగింది. రెండు నిమిషాల్లో ఎదుటి మనిషి వట్టి నీడలా మిగిలాడు. గొంతు మూసుకుపోయింది. నిజంగా చచ్చిపోతాననుకున్నాను. చెయ్యి దానంతటదే ఎర్రపిడి మీదికి పోయింది. లాగబోయేంతలో క్రేమర్ గారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆ వయసులో ఆ పట్టు ఎక్కడిదో.

"సొరంగంలో వద్దు, హెర్ వేమూరి. బండి ఆగితే పొగా ఆగుతుంది."

ఇంకో చేత్తో తల మీది టోపీ తీసి ఆ సందులో కుక్కారు. అది చాలక మిగిలిన చోట తన అరచెయ్యి అడ్డం పెట్టారు. నేను రుమాలు ముక్కుకు అదుముకుని కూర్చున్నాను. నేను ఆ పిడి లాగి ఉంటే మా ఇద్దరితో పాటు ముందున్న డ్రైవరూ, ఫైర్‌మనూ కూడా ఆ పొగలో చిక్కుకునేవారు.

వెలుతురులోకి వచ్చి, స్టేషను చేరి, దిగాక స్రవంతి నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు తప్ప ముఖమంతా మసి. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నా నలుపు పైకే వచ్చింది, నాకు తప్ప అందరికీ కనిపించింది. క్రేమర్ గారు టోపీని మోకాలికేసి దులుపుకుంటున్నారు. దాన్ని చూడలేకపోయాను, సిగ్గేసింది. గోనె సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మాట్లాడవద్దన్నారుగా," అన్నారాయన. నిష్ఠూరమేమీ లేదు, ఉన్నమాట చెప్పారు.

సొరంగాలున్న దారిలో డ్యూటీ పడితే గార్డులందరూ చేసే పనేనట అది. గోనె తడిపి కుక్కడం, దాటాక తీయడం. ఆ పొద్దున తానే పెట్టారట.

నాకిప్పుడు ఇరకాటం. తడి ఆరితే గోనె మండుతుందన్నది నిజమే, దాన్ని ఆమోదించలేను. తెరిచి ఉన్న సందును అంతకన్నా ఆమోదించలేను. తిరస్కరించి చేతులు దులుపుకోవడం అన్నిటికన్నా సులువు. కాని ఆ ముసలాయన ఆదివారం ప్రయాణం నా సంతకం మీద ఆధారపడి ఉంది. లోపలినుంచి జరుపుకునే రేకు మూత అమర్చగలరా అని అడిగాను. స్రవంతి బుధవారం కూడా సెలవు పెట్టింది. ఆమె, క్రేమర్ గారు కలిసి రేకు కత్తిరించి, రివెట్లు కొట్టారు. గురువారం అదే గదిలో, అదే సొరంగంలోంచి మళ్ళీ వెళ్ళాను. మూత ఎప్పుడు జరపాలో క్రేమర్ గారినే చెప్పమన్నాను. ఈసారి వాసన వచ్చింది గాని పొగ రాలేదు. సంతకం పెట్టాను.

మా ఫారంలో ప్రతి ఘటనకూ మూడు గడులు: ఏం జరిగింది, కారణం, తీసుకున్న చర్య. పొగ గదిలోకి వచ్చినందుకు కారణం 'పాత డిజైను' అని రాస్తే ఎవరూ అడగరు. కాసేపు ఆ మాట దగ్గర కలం ఆగింది కూడా. చివరికి 'పరీక్షకుడు' అని రాశాను. మర్నాడు మా విభాగాధిపతి ఫోను చేసి, గడి మారి మీ హోదా ఇక్కడ పడినట్టుంది, సరిచేయమంటారా అని అడిగాడు. సరిగ్గానే పడింది, వదిలెయ్యమన్నాను.

ఆదివారం క్రేమర్ గారు గదిలో కూర్చుని సొరంగం దాటి వెళ్ళి వచ్చారు. కాగితాల మీద అది ఏ విశేషమూ లేని ప్రయాణం.

ఆ వారం తర్వాత, మిగిలిన రెండేళ్ళ సర్వీసులో, ఉండకూడని వస్తువు ఎక్కడ కనిపించినా ముందు అది ఎవరు పెట్టారో కనుక్కుని, ఎందుకని అడిగి, అప్పుడే తీసేవాణ్ణి. చాలాసార్లు తీయవలసిందే అయ్యేది. ఆ మధ్యలో ఒకరోజు తీరిక చేసుకుని మా నియమావళి మొత్తం వెతికాను. పరీక్ష జరుగుతుండగా ఎవరూ మాట్లాడకూడదన్న నియమం అందులో ఎక్కడా లేదు. ముప్ఫై ఏళ్ళు దాన్ని అమలు చేసింది నేనొక్కణ్ణే.