పసుపు అడుగులు, ఏడో ఇల్లు

మా చిన్నప్పుడు... ఆర్మూర్ గంజ్‌లో అంటే మార్కెట్టు యార్డులో, పిల్లులన్నీ పసుపు రంగులోనే ఉండేవి. పుట్టుకతో కాదు... ఆరబోసిన పసుపు కొమ్ముల మీద దొర్లి, గోదాములో బస్తాల సందున పడుకొని అట్లా అయ్యేవి. తెల్ల పిల్లి కూడా ఉంటుందని నాకు చాలా ఏండ్లు తెలియదు.

నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకొని గంజ్‌లో కొమ్ములు ఏరే పనికి వచ్చింది. మా ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటిదాన్ని నేనే... రెండో తరగతి. బడి విడవగానే పలక చంకన పెట్టుకొని గోదాముకు పరుగెత్తేదాన్ని.

అక్కడ బస్తాల వెనక ఒక పిల్లి మూడు పిల్లలను పెట్టింది. నాలుగు రోజులకే అన్నీ మాయం. వెతుకుతుంటే, అమ్మ పక్కన కూర్చొని కొమ్ములు ఏరే రాజవ్వ నవ్వింది.

"పిల్లి పిల్లలను ఏడిండ్లు తిప్పుతది బిడ్డా. ఏడో ఇంట్ల దిగిందంటే ఇగ కదలది."

"గా ఏడో ఇల్లు ఎట్లుంటది?"

"నేనేమన్న పిల్లినా? పోయి దాన్నే అడుగు."

పిల్లి చెప్పలేదు... నేనే కట్టుకున్నాను ఆ ఇంటిని. దాని తలుపు పిల్లి పట్టేంతే. లోపల ఆర్మూర్ పిల్లులన్నీ ఉంటాయి. మూతులు కాలకుండా పాలు ఊది చల్లార్చే ముసలి పిల్లి... పంజాతో అక్షరాలు దిద్దించే పంతులు పిల్లి... అక్కడ ఎవరూ ఎవరినీ లేచి పొమ్మనరు.

ఆ ఇల్లు నాకెందుకంటే... మేము అప్పటికి నాలుగో కిరాయి గదిలో ఉన్నాం. ఈ సీజన్ అయిపోగానే సిరికొండ దగ్గర మామ ఇంటికి పోదామని అమ్మ అంటోంది. పోతే నేను మేకల వెంట... ఇక బడి లేదు. ఏడో ఇల్లు దొరికితే మేమూ కదలనక్కర లేదని నా నమ్మకం.

పసుపు దుమ్ములో నడిచిన పిల్లి అడుగులు నేల మీద పడేవి. వాటిని పట్టుకొని విరిగిన బండి కిందికి, దర్జీ కొట్టు అటక మీదికి... అట్లా అయిదు ఇండ్లు చూశాను. ఆరోది మా బడి వెనక, విరిగిన బల్లల కుప్ప. అక్కడ పిల్లి కదలనే లేదు. ఇంట్లోనేమో అమ్మ మూట కట్టడం మొదలుపెట్టింది. మనిషి చెయ్యి తగిలితే పిల్లి ఇల్లు మారుస్తుందని రాజవ్వ ఒకసారి అన్నది... పోయి మూడు పిల్లలనూ ఒళ్లంతా నిమిరి వచ్చాను.

ఆ సాయంత్రమే అకాల వాన. గంజ్ మొత్తం తాటిపత్రీలు పట్టుకొని పసుపు కప్పడానికి ఉరికింది. నేను బడి వెనక్కి ఉరికాను. బల్లల కింద ఖాళీ... గోడ వెంట పసుపు అడుగులు, నా కళ్ల ముందే ఒక్కొక్కటీ కరిగిపోతున్నాయి. పసికూనలను వానలోకి తోలింది నా చెయ్యే అని ఏడుస్తూ నిలబడ్డాను.

"ఏడ పోయినవే? గంజంత తిరిగిన నీ కోసం."

ఎక్కిళ్ల మధ్య అమ్మకు అంతా చెప్పాను. అమ్మ నవ్వలేదు, కొట్టలేదు. తడి కొంగుతోనే నా తల తుడిచింది.

"గిప్పుడు మనది ఎన్నో ఇల్లే?"

"నాలుగోది..."

కొంగు పిండుకుంది.

"అయితే ఇంక మూడున్నయి గద. తిరుగుదాం తియ్."

ఇంటికి వచ్చాక మూట విప్పింది.

ఏడో ఇంట్లో ఉండగా నేను పదో తరగతి పాసయ్యాను. రెండు గదులు, పెంకుల కప్పు... అమ్మ ఇక ఆ ఇల్లు మారలేదు, చివరిదాకా.

ఆ పిల్లి మాత్రం మళ్లీ కనపడలేదు. దాని పిల్లలు ఆ వాన దాటాయో లేదో... ఇప్పటికీ తెలియదు.

మొన్న గంజ్‌కు పోయాను. అంతా సిమెంటు నేల... గోడ మీద తెల్లటి పిల్లి ఒకటి కూర్చుంది. అది దిగి నడుస్తుంటే వెనక నేల చూశాను. ఒక్క అడుగు గుర్తు కూడా పడలేదు.

మీ చిన్నప్పుడు మీరూ ఏ పిల్లి వెనకో పోయే ఉంటారు... ఏడో ఇల్లు చూసినవాళ్లు ఉంటే, జర నాకు చెప్పండి.