మరియమ్మత్త బర్రె చెవి

ఏ ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన తగిలినా నాకు మా నాయన చేతులు గుర్తుకొస్తాయి. తొంభైలలో ఆయన ఆత్మకూరులో ఒక బీమా ఆఫీసులో క్లెయిముల గుమాస్తా. బీమా చేసిన పశువు చెవికి ఇత్తడి బిళ్ళ వేసేవాళ్ళు. పశువు చచ్చిపోతే బిళ్ళతో సహా చెవి కోసి, ఉప్పు పట్టించి, రైతులు సంచిలో తెచ్చి నాయన బల్ల మీద పెట్టేవాళ్ళు. సాయంత్రం అమ్మ ఆయన్ను గడపవతలే నిలబెట్టి చేతుల మీద ఫినాయిలు నీళ్ళు పోసేది. ఆ తర్వాతే మమ్మల్ని దగ్గరికి తీసుకోవడం, వేడి సంగటీ గోంగూరా, కుటుంబ ప్రార్థన.

ఒక ఎండాకాలం ఆదివారం ఉదయగిరి దగ్గర మా అవ్వ ఊరికి ఆరాధనకు వెళ్ళాం. చర్చి వాకిట్లో రాలిన వేపపూత మీద మరియమ్మత్త ఏడుస్తూ కూర్చుని ఉంది. పాలమ్మి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న విధవరాలు. ముందురోజు, నాయన ఆఫీసులోనే బీమా చేయించిన ఆమె బర్రె పాము కరిచి చచ్చిపోయింది. ఆరాధన వేళకు వాసన రాకూడదని సంఘం కుర్రవాళ్ళు సాయంత్రానికే దాన్ని చర్చి వెనక పొలంలో పూడ్చేశారు. చెవి సంగతి ఎవరికీ తోచలేదు.

"చచ్చింది ఊరంతా చూసినారు కదన్నా, నువ్వే రాసుకో" అంది అత్త.

"నేను నమ్ముతా మరియమ్మా. బిళ్ళ లేకుంటే పైవాళ్ళు నమ్మరు" అన్నాడు నాయన, తల దించుకుని.

బీమా డబ్బు రాకపోతే ఆమెకు ఇంకో బర్రె లేదు.

అవ్వ లేచింది. "ఏందిరా చూస్తా ఉండారు? విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును తీయొచ్చని ప్రభువే చెప్పినాడు గదా. పూడ్చినోళ్ళే తవ్వండి!"

"అది పడిన ఎద్దు అవ్వా. ఇది మనం పడేసిన బర్రె" అన్నాడు ఒక కుర్రవాడు. అందరికంటే ముందు పాస్టరుగారే నవ్వి, చొక్కా చేతులు మడిచి పార అందుకున్నారు.

ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని తవ్వారు. పైకి కనబడిన చెవికి బిళ్ళ లేదు. మరియమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది; ఆడవాళ్ళు గట్టు మీదే మోకరించారు. నాయన గుంటలోకి దిగి, బర్రె తల కిందికి చెయ్యి పోనిచ్చి, చాలాసేపు మట్టిలో తడుముతూ కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థనకో, వాసనకో నాకు తెలియలేదు.

"ఉండాది!" అన్నాడు.

అప్పుడు లేచినంత హల్లెలూయా ఆ రోజు ప్రసంగానికి కూడా లేవలేదు.

వానలు పడే నాటికి అత్త కొత్త బర్రె జున్నుపాలు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ఆ పొలంలో ఇళ్ళు లేచాయి, ఇత్తడి బిళ్ళలు కనబడవు, అవ్వా నాయనా ప్రభువు దగ్గర ఉన్నారు. అయినా ఆసుపత్రి వరండాలో ఎవరి కబురు కోసమో ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఆ ఫినాయిలు వాసన తగిలితే, ఆనాటి గుంటలోంచి "ఉండాది!" అన్న నాయన గొంతు వినబడుతుంది. నా భుజాలు తేలికపడతాయి.