హాట్ రాడ్ నోరు మూయించిన వైనం

ముందస్తు రిటైర్మెంట్ తీసుకున్న మరుసటి వసంతంలో నాకు ఇంకో పోస్టింగ్ పడింది. చోటు ఇల్లినాయ్‌లోని అరోరాలో మా ఇంటి గ్యారేజీ. హోదా టెక్నీషియన్. పాతికేళ్ళుగా మా దగ్గరున్న హాట్ రాడ్‌ని మళ్ళీ రోడ్డెక్కించడం పని. పై అధికారి అంటూ ఎవరూ లేరు, మా ఆవిడ సరళ తప్ప.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పుట్టిన కారు డొక్కుని తెచ్చి, టాపు కోసి పొట్టిచేసి, బానెట్ కింద దాని స్థాయికి మించిన వీ-ఎయిట్ ఇంజిన్ కూరితే అది హాట్ రాడ్. మాది నేరేడు పండు రంగు. స్టార్ట్ చేస్తే పక్కనున్న నేపర్‌విల్‌లో ఆవకాయ జాడీల మూతలు లేచి పడేవి. నమ్మనివాళ్ళు సరళని అడగొచ్చు. జాడీలకి వాసెన కట్టుకోమని ఆ ఊళ్ళో మనవాళ్ళందరికీ ఫోన్లు చేసింది తనే.

నేను చేసిన కార్ల కంపెనీలో నా పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. కారులో చప్పుడు, అదురు, కుదుపు తగ్గించే విభాగంలో టెక్నీషియన్‌గా చేరి, టెక్నికల్ స్పెషలిస్టుగా దిగిపోయాను. మా పద్ధతికి మూడు కాళ్ళు: మూలం, మార్గం, గ్రహీత. ఇంజిన్ మూలం. అదురు లోపలికొచ్చే మౌంట్లు, ఫ్లోరు మార్గం. సీట్లో మనిషి గ్రహీత. ఆ మనిషి చెవి ఉండే ఎత్తులో మైకు బిగించి కొలుస్తాం. ఆఖర్న జ్యూరీ రైడ్. కారు మీద పనిచేసినవాడు దానికి మార్కులు వేయకూడదు. వేరేవాళ్ళు ఎక్కి పదికి ఇన్నని వేస్తారు. ఎనిమిది వస్తేనే సంతకం.

మా కారు మూలనపడి ఉన్న ఏళ్ళలో, ఒక జ్వరం తర్వాత సరళకి వినికిడి పోతూ వచ్చింది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటే ఎదురుగా ఉన్న ఒక్కరి మాట అందుతుంది. నలుగురు చేరితే అంతా కలగాపులగం. తలా ఒక వంటకం పట్టుకొచ్చే పాట్‌లక్‌లు మానేసింది, గుడికి రావడం మానేసింది. ఒకప్పుడు శనివారాలు నది వెంట ఆ కారులో తిరిగేవాళ్ళం. ఇంజిన్ మీద అరిచి మరీ కబుర్లు చెప్పేది. అలాంటి శనివారం ఇంకొక్కటి దొరికితే చాలనిపించేది నాకు. కారు బాగుచేస్తాను, వెళ్దామంటే, "ఆ గోలలో నాకేం వినిపిస్తుందండీ, మీరెళ్ళిరండి" అంది.

అయితే గోల తీసేద్దాం అనుకున్నాను.

బ్రేకుల విభాగంలో నాతోపాటే రిటైరైన యాదగిరి సాయానికొచ్చాడు. డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, కొత్త వైరింగ్ వేశాం. ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ఇనుప మౌంట్లు తీసి రబ్బరువి పెట్టాం. ఫ్లోరంతా అదురు మింగే షీట్లు పరిచి, పైన ఫెల్టు వేశాం. పొగగొట్టానికి పెద్ద మఫ్లర్లు తగిలించాం. మైకు బిగించి కొలిస్తే, బానెట్ కింద ఇంజిన్ ఉందో లేదో లేచి చూసుకోవలసి వచ్చింది.

"పులిని తెచ్చి పిల్లిని చేసినవ్ గదనే అన్నా!" అన్నాడు యాదగిరి.

"మీ వదినకి నా మాట వినపడాలి కదరా."

"నీ కోతలు వినుడు తప్పిందని వదిన ఖుషీగున్నదేమో. అడిగినవా?"

అడగలేదు.

యాదగిరి బతిమాలితే సరళ జ్యూరీ రైడ్‌కి ఒప్పుకుంది. రెండు వీధులు దాటాక మంచి కథ ఎత్తుకున్నాను. కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద ఓ జింక మా కారుని ఓవర్‌టేక్ చేసి, పోతూ పోతూ తోకతో సిగ్నల్ కూడా ఇచ్చిన వైనం. ప్రతి మాటా తనకి అందుతోందని తెలుస్తూనే ఉంది. నవ్వలేదు. అరికాళ్ళతో ఫ్లోరు తడుముతోంది. డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"కారేదండీ?" అంది.

"అదేంటి, అందులోనే కదా ఉన్నాం!"

"మీ మాట ఇంట్లోనూ వినపడుతుంది. ఇది కాళ్ళలోంచి, వీపులోంచి ఒంట్లోకి వచ్చేది. చెవులు పోయినా అదొక్కటీ మిగిలి ఉంటుందని అనుకుంటూ ఉన్నాను. ఎక్కి చూస్తే అదీ లేదేమోనని భయం. అందుకే రానన్నాను." డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసేసింది. "నిజంగానే లేదు."

అలవాటు కొద్దీ, పదికి ఎంతని అడిగాను.

"రెండు. అవీ యాదగిరి బ్రేకులకి."

పరిచిన షీట్లు, ఫెల్టు ఆ వారమంతా పీకాం. అంటించడం కంటే పీకడం కష్టం. రబ్బరు మౌంట్లు తీసి మళ్ళీ ఇనుపవే బిగించాం. బ్రేకులు, స్టీరింగ్, వీధివాళ్ళ కోసం మఫ్లర్లు అలాగే ఉంచాం.

తర్వాతి శనివారం కారు మలుపు తిరిగి నది పక్క రోడ్డు అందుకోగానే సరళ హియరింగ్ ఎయిడ్స్ తీసి పర్సులో వేసుకుంది. చెప్పులు విడిచి, పాదాలు ఫ్లోరు రేకు మీద ఆనించింది. ఈసారి నేను మార్కులు అడగలేదు. ఉన్నట్టుండి, రోడ్డు వైపే చూస్తూ, "ఎంతసేపండీ రెండో గేర్లో? మార్చండి!" అంది.

మార్చాను.

"ఆఁ, అదీ" అని వెనక్కి ఆనుకుంది.

నేను ఏదో చెబుతూనే ఉన్నాను. ఒక్క ముక్కా తనకి అందలేదు. ఆ చప్పుడు మీదుగా ఒకప్పుడు తను అరిచి ఇచ్చే జవాబు కోసం నేనింకా మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతుంటాను.

మా వృత్తిలో మూలం మీద, మార్గం మీద ఏళ్ళు గడిచిపోతాయి. గ్రహీత అంటే అందరికీ ఒకే ఎత్తులో ఉండే చెవి అనుకుని మైకు బిగించేస్తాం. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఎవరైనా సలహా అడిగితే, ముందు ఆ సీట్లో ఎవరు కూర్చుంటారో కనుక్కోమంటున్నాను. మైకు ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.